పద్నాలుగడుగులా? పదహారడుగులా?

మా మిన్నెసోటాలో కార్ల నంబరు పలకల మీద ‘పదివేల సరస్సులు’ అని రాసి ఉంటుంది. అది మొహమాటపు లెక్క. పదెకరాలు, ఆపైన ఉన్న సరస్సులే 11,842 ఉన్నాయని ఇక్కడి ప్రభుత్వం చెబుతుంది. ఇన్ని నీళ్ళ మధ్య కాపురం పెట్టాక ఏదో ఒక ఎండాకాలం ప్రతి ఇంట్లోనూ ‘మనమూ ఒక పడవ కొందామా?’ అన్న మాట పుడుతుంది. ఇల్లు కొనేటప్పుడు వాస్తు చూస్తాం. కారు కొనేటప్పుడు మైలేజీ చూస్తాం. పడవ కొనేటప్పుడు ఏం చూడాలో చెప్పే మేనమామలూ బాబాయిలూ మనకి ఇక్కడ లేరు. అందుకే ఈ సంచికలో ఆ ముచ్చటే పెట్టుకుందాం.

ఈ చలికాలమంతా మా ఇంట్లో నడిచిన చర్చ ఇదే. చేపలు పట్టుకునే అల్యూమినియం పడవలు రెండు చూసి పెట్టుకున్నాం. ఒకటి 14 అడుగులది. అడ్డంగా మూడు బల్లలు, వెనక 20 హార్స్ పవర్ మోటారు, దాన్ని చేతిపిడితో తిప్పుకోవాలి. అంతే, ఇంకే హంగూ లేదు. రెండోది 16 అడుగులది. పక్కన స్టీరింగు, నడవడానికి చదునైన నేల, తిరిగే కుర్చీలు, చేపల్ని బతికించి ఉంచే తొట్టి, వెనక 50 హార్స్ పవర్ మోటారు. నాకు చెప్పిన ధరల్లో పెద్దది చిన్నదానికి రెట్టింపు దాటింది. తేడా రెండడుగులే కదా అనుకుంటాం కానీ, ఆ రెండడుగుల్లో ఒక సంసారమంత బరువుంది.

ముందు అల్యూమినియం ఎందుకో చెప్పుకుందాం. ఉక్కుతో పోలిస్తే దీని బరువు మూడో వంతు. గాలి తగలగానే పైన సన్నని ఆక్సైడు పొర కట్టి తనను తనే కాపాడుకుంటుంది కాబట్టి ఇనుములా తుప్పు పట్టి రాలిపోదు. మంచినీటి సరస్సుల్లో ఏళ్ళ తరబడి ఉంటుంది. రాయి తగిలితే సొట్ట పడుతుంది కానీ చప్పున పగలదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసే రోజుల్లో విమానాలు చేసే గ్రమ్మన్ కంపెనీ అదే లోహంతో కనూలు చెయ్యడం మొదలుపెట్టింది. మా రాష్ట్రంలోనే అల్యూమాక్రాఫ్ట్ 1946లో, న్యూయార్క్ మిల్స్ అనే చిన్న ఊళ్ళో లుండ్ 1948లో పుట్టాయి. పేరు చూసి న్యూయార్క్ అనుకునేరు, అది అచ్చంగా మిన్నెసోటా పల్లెటూరు!

మా ఇంట్లో పక్షాలు ఎలా చీలాయో చెబుతాను. మా అబ్బాయికి తొమ్మిదేళ్ళు. వాడు పెద్ద పడవ పక్షం. ‘తాతయ్య వస్తున్నాడు కదా, ఐదుగురం పట్టాలి’ అన్నది వాడి వాదన. మా అమ్మాయికి పద్నాలుగు. తను చిన్న పడవ పక్షం. ‘అది నేనే నడపగలను’ అంటుంది. మా ఆవిడ ఏ పక్షమూ కాదు. ‘ఏ పడవైనా సరే, మామయ్యగారూ మనమూ కలిసి ఒక్క ఫొటో దిగాలి’ అంది. ఆ మాట వెనక ఉన్నది ఇంట్లో పెద్దవాళ్ళిద్దరికీ తెలుసు. మా నాన్నగారికి 74 ఏళ్ళు. మోకాళ్ళు సహకరించడం లేదు. ఈ జూన్‌లో చేసే ప్రయాణం తర్వాత ఇంత దూరం విమానం ఎక్కవద్దని డాక్టరుగారు చెప్పేశారు. అంటే తాతా మనవలూ కలిసి ఇక్కడి నీళ్ళ మీద గడిపేది ఈ ఒక్క వేసవే.

ఇటువంటప్పుడు మనసు పెద్ద పడవ వైపే లాగుతుంది. స్నేహితులు కూడా అటే తోస్తారు. ఇక్కడి పడవల వాళ్ళు ‘రెండడుగుల జబ్బు’ అని ఒక వేళాకోళం ఆడతారు. ఎంత పెద్దది కొన్నా మరో రెండడుగులు ఉంటే బాగుండేదనిపించే జబ్బట అది. మన వాళ్ళకి ఆ జబ్బు ఇళ్ళ విషయంలో ముందే ఉంది కనక కొత్తగా అంటుకోనక్కర్లేదు!

సరే, మనసు సంగతి కాసేపు పక్కన పెట్టి లెక్కలోకి వద్దాం. పిల్లలూ, ఇది మీ కోసం. కాగితం, పెన్సిలు తెచ్చుకోండి.

ఈ దేశంలో 20 అడుగుల లోపు మోటారు పడవలకి లోపలి వైపు ఒక చిన్న రేకు అతికించి ఉంటుంది. కోస్ట్ గార్డ్ నిబంధన అది. ఎంతమంది ఎక్కవచ్చు, మొత్తం ఎంత బరువు పెట్టవచ్చు, ఎంత బలం గల మోటారు బిగించవచ్చు అన్నవి దాని మీద రాసి ఉంటాయి. పాత పడవ మీద ఆ రేకు లేకపోతే ఒక ఉజ్జాయింపు సూత్రం ఉంది. పొడవుని వెడల్పుతో గుణించి 15తో భాగించాలి. రెండూ అడుగుల్లోనే సుమా. చిన్న పడవ 14 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు. గుణిస్తే 70. పదిహేనుతో భాగిస్తే 4.66. అంటే నలుగురు. ‘సున్నా పాయింటు ఆరారు మనిషి’ ఉండడు కనక ఐదు చెయ్యకూడదు. పెద్దది 16 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు. 96ని 15తో భాగిస్తే 6.4. అంటే ఆరుగురు. చిత్రం చూశారా, పొడవు పెరిగింది రెండడుగులే, వెడల్పు ఒక్క అడుగే. మనుషులు మాత్రం ఇద్దరు పెరిగారు. మేము చూసిన చిన్న పడవ రేకు మీద కూడా నలుగురనే ఉంది. చిన్నపిల్లలైనా తలకి ఒకరే లెక్క. ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే లెక్క తగ్గడానికి ఇది మన ఊరి బస్సు కాదు.

ఇప్పుడు బరువు. చిన్న పడవ రేకు మీద మనుషులు, మోటారు, సామాను అన్నీ కలిపి 850 పౌండ్లని ఉంది. నేను 165, మా ఆవిడ 135 (ఈ అంకె తన అనుమతితోనే వేశాను), అమ్మాయి 110, అబ్బాయి 65. మొత్తం 475. మోటారు 115. గ్యాలను పెట్రోలు ఆరు పౌండ్లు తూగుతుంది కనక ఆరు గ్యాలన్ల డబ్బాకి 36. బ్యాటరీ 50. లంగరు, గాలాలు, పులిహోర డబ్బా, మంచినీళ్ళు కలిపి 60 వేసుకుందాం. అన్నీ కూడితే 736. ఇంకా 114 పౌండ్లు మిగిలాయి. తాతయ్య 150 పౌండ్లుంటారు. కలిపితే 886. రేకు ఒప్పుకోదు. తలల లెక్కలోనూ, తూకం లెక్కలోనూ మా ఐదుగురికి చిన్న పడవ చాలదని తేలిపోయింది. మా అబ్బాయి గెలిచానని ఎగిరి గంతేశాడు.

అయితే పడవ నీళ్ళ మీదే ఉండదు కదా. దాని జీవితంలో ఎక్కువ భాగం ట్రైలర్ మీదా గరాజ్‌లోనూ గడుస్తుంది. మాది మీ అందరి ఇళ్ళలో ఉండే మినీవ్యానే. దాని పుస్తకంలో, తగిన సరంజామా బిగిస్తే 3,500 పౌండ్లు లాగగలదని ఉంది. చిన్న పడవకి ఒట్టి దోనె 280, మోటారు 115, ట్రైలర్ 300, సామాను 150, మొత్తం 845. పెద్దదానికి దోనె 1,000, మోటారు 250, ట్రైలర్ 600, సామాను 200, మొత్తం 2,050. రెండూ పరిమితిలోనే ఉన్నాయి. కానీ పరిమితిలో ఉండడం వేరు, తేలిగ్గా ఉండడం వేరు. ముందు చక్రాలతో నడిచే బండి, తడిసి పాచి పట్టిన ర్యాంపు మీద రెండువేల పౌండ్లని వెనక్కి లాగేటప్పుడు ఆ చక్రాలు జారే అవకాశం ఎక్కువ. చిన్న పడవని మాత్రం నేనూ మా అమ్మాయీ చేతులతోనే ట్రైలర్ మీద సర్దుకోగలం.

గరాజ్ కొలిచేటప్పుడు కూడా పడవని కాదు, ట్రైలర్‌ని కొలవాలి. ముందు కొక్కెం నుంచి వెనక మోటారు దాకా టేపు పట్టాలి. పద్నాలుగడుగుల పడవ పదిహేడడుగుల దాకా వస్తుంది. పదహారడుగులది ఇరవై దాటుతుంది. మా గరాజ్ లోతు 22 అడుగులే. పడవ పట్టినా, దాని చుట్టూ మనిషి తిరగడానికి చోటుండదు. ఇక్కడ సరస్సులు డిసెంబరు నుంచి ఇంచుమించు ఏప్రిల్ దాకా గడ్డకట్టే ఉంటాయి. అన్ని నెలలు బయట మంచులో పెట్టాలి, లేదా ఎక్కడో అద్దె కట్టి దాచాలి.

ఇక నీళ్ళ సంగతి. పడవ మనుషులకే కాదు, వెళ్ళే నీటికి కూడా సరిపోవాలి. మేము ఎక్కువగా వెళ్ళేది మా ఇంటికి ఇరవై నిమిషాల దూరంలో ఉన్న మూడు వందల ఎకరాల సరస్సుకి. అక్కడ గాలి లేచినా పావుగంటలో ఒడ్డు చేరవచ్చు. అక్కడికి 14 అడుగులు పుష్కలం. కానీ ఉత్తరాన మిల్ లాక్స్ అనే సరస్సు ఉంది. సుమారు 1,32,000 ఎకరాలు. అంత పెద్దదైనా లోతు మాత్రం ఎక్కడా యాభై అడుగులు దాటదు. విశాలమైన లోతు తక్కువ నీటి మీద గాలి వీస్తే అలలు దగ్గర దగ్గరగా, నిటారుగా లేస్తాయి. ఒక అల దిగేలోపు రెండోది మీద పడుతుంది. అక్కడికి పొడవైన, అంచులు ఎత్తుగా ఉన్న పడవ కావాలి. పద్నాలుగడుగుల పడవతో గాలి రోజున అక్కడికి వెళ్ళడం సాహసం కాదు, తెలివితక్కువ. చిన్నది కొంటే మిల్ లాక్స్‌ని వదులుకోవాలి. అక్కడ డబ్బులు పుచ్చుకుని చేపలవేటకి తీసుకెళ్ళే పెద్ద లాంచీలు ఉంటాయి. వాల్ ఐ చేప మీద మరీ మోజు పుట్టినప్పుడు వాటిలో వెళ్ళవచ్చు.

ఇంతవరకూ లెక్క వచ్చి ఆగిపోయింది. అటు ఐదుగురం, ఇటు గరాజ్. అప్పుడు ఒక ఆదివారం ఉదయం వీడియో కాల్‌లో నాన్నగారి ముందు పంచాయితీ పెట్టాం. మాది కొల్లేటి అంచున కైకలూరు వైపు పల్లె. నాన్నగారి చిన్నతనమంతా తాటి దోనెల మీద గడిచింది. తాటి మొద్దుని తొలిచి చేసే ఆ దోనెల్లో బడికి వెళ్ళిన మనిషికి పడవ గురించి నేను చెప్పేదేముంది? అయినా రెండింటి ఫొటోలూ, నా అంకెలూ అన్నీ ఓపికగా చూశారు.

‘అబ్బాయ్, పెద్దదాన్ని నీళ్ళలోకి దింపడానికి ఎంతమంది కావాలి?’ అన్నారు.

‘ఇద్దరు పెద్దవాళ్ళుంటే మంచిది నాన్నగారూ.’

‘చిన్నదానికో?’

‘నేనూ అమ్మడూ చాలు. ఇంకో ఏడాదికి అమ్మడూ చంటివాడూ చాలేమో.’

‘మరింక అడుగుతావేంరా! నేనుండేది ఎన్ని రోజులు? నలభై రోజులు. అందులో పడవెక్కేది నాలుగు రోజులు. అమ్మడు మీ దగ్గరుండేది ఇంకా నాలుగేళ్ళు. నాలుగు రోజుల మనిషి కోసం నాలుగేళ్ళ పడవని పాడుచేస్తారా ఎవరైనా? రోజూ దింపగలిగేదే పడవ. దింపడానికి బద్ధకమైనది పెరట్లో గాదె.’

మా అబ్బాయి మొహం చిన్నబుచ్చుకున్నాడు. ‘మరి నువ్వు రావా తాతయ్యా?’ అన్నాడు. దానికి ఆయన, ‘నేనెక్కేది నాకు సరిపోయేది చూడమను మీ నాన్నని. బల్లలు దాటే మోకాళ్ళు కావు నాయనా ఇవి’ అని నవ్వేశారు.

ఆ ఒక్క మాటతో దారి దొరికింది. చిన్న పడవలో వెనక నుంచి ముందుకి వెళ్ళాలంటే మూడు బల్లలు దాటాలి. పెద్దదానిలో బల్లలు లేవు కానీ, ర్యాంపు పక్కన ఊగే రేవుబల్ల మీంచి ఎత్తైన అంచు దాటి లోపలికి దిగాలి. నిజం చెప్పాలంటే ఆయన మోకాళ్ళకి రెండూ పనికిరావు. మరేది పనికొస్తుంది? పాంటూన్. రెండు మూడు పొడవాటి అల్యూమినియం గొట్టాల మీద చదునైన అరుగు వేసి, చుట్టూ కటకటాలు, గేటు, పైన పందిరి పెడతారే, అది. రేవుబల్ల మీంచి గుమ్మంలోకి నడిచినట్టు నడిచి వెళ్ళిపోవచ్చు. ఎనిమిది పదిమంది దాకా హాయిగా కూర్చోవచ్చు. చాలా సరస్సుల దగ్గర రోజువారీ అద్దెకి దొరుకుతుంది. నాలుగు రోజులకి అద్దె కట్టినా, రెండు పడవల ధరల మధ్య తేడాలో అది ఒక మూలకి రాదు.

కాబట్టి 14 అడుగులదే ఖాయం చేసుకున్నాం. జూన్, జూలైల్లో నాలుగు శనివారాలకి పాంటూన్ అద్దెకి మాట్లాడాం. మా ఆవిడ ఫొటో దానిమీదే. మా అబ్బాయికి ఇంకా కొంచెం వెలితిగానే ఉంది. వాడి బాధలో న్యాయం లేదనను. తాతయ్యని సొంత పడవలో తిప్పాలన్న కోరిక అది. దాన్ని అద్దె పడవ పూర్తిగా తీర్చదు. ఏది కొన్నా ఇంకొకటి వదులుకోవడం ఉంటుందని తొమ్మిదేళ్ళకే తెలిసొస్తోంది వాడికి. మంచిదే.

మా అమ్మాయి మాత్రం అప్పుడే పనిలో పడింది. 2025 జూలై 1 నుంచి మిన్నెసోటాలో పడవ నడపడానికి కొత్త చట్టం వచ్చింది. పన్నెండేళ్ళు దాటిన పిల్లలూ యువకులూ మోటారు పడవ నడపాలంటే భద్రతా పాఠం పూర్తిచేసి పర్మిట్ తీసుకోవాలి. దశలవారీగా మరింత పెద్దవయసు వాళ్ళకీ అది వర్తిస్తుంది. తను పాఠం పూర్తిచేసి, ఇప్పుడు నాకు ప్రశ్నలు వేస్తోంది. ఎదురుగా పడవ వస్తే ఎటు తప్పుకోవాలి? కుడికి. మీ రాష్ట్రంలో నియమాలు వేరుగా ఉండవచ్చు. కొనేముందే కనుక్కోండి.

ఇక అసలైన మాట. మన వాళ్ళలో ఈత రానివాళ్ళు ఎక్కువ. వేసవి వచ్చిందంటే ఎక్కడో ఒక సరస్సులో మన కుర్రాడు పోయాడన్న వార్త వింటూనే ఉన్నాం. మిన్నెసోటాలో కదిలే పడవలో పదేళ్ళలోపు పిల్లలు లైఫ్ జాకెట్ వేసుకుని తీరాలి. పెద్దవాళ్ళకి ఒక్కొక్కటి పడవలో ఉంటే చాలని చట్టం. మా పడవలో ఆ ‘చాలు’ చెల్లదు. అందరూ వేసుకున్నాకే మోటారు మోగుతుంది. మే నెలలో చేపల కాలం మొదలయ్యేనాటికి పైన ఎండ కాస్తున్నా నీళ్ళు మంచులానే ఉంటాయి. ఆ చలికి ఈత వచ్చినవాడికి కూడా ఊపిరి పట్టు తప్పుతుంది. పడవ 16 అడుగులు, ఆపైన అయితే విసిరే తేలుడు దిండు ఒకటి కూడా తప్పనిసరి. పద్నాలుగడుగులదానికి అక్కర్లేకపోయినా మేము ఒకటి కొనేశాం. ప్రాణం పొడవు చూసి పోదు కదా.

ఇంకో రెండు చిన్న సంగతులు. పదహారేళ్ళు వచ్చినవాళ్ళకి ఇక్కడ ఫిషింగ్ లైసెన్సు కావాలి. చుట్టపు చూపుగా వచ్చిన తాతయ్యలకీ, అమ్మమ్మలకీ కూడా. వేరే రాష్ట్రాలవాళ్ళకిచ్చే కొద్దిరోజుల లైసెన్సులు ఉంటాయి. అలాగే నీళ్ళలోంచి పడవ తియ్యగానే అడుగు బిరడా విప్పి నీళ్ళన్నీ కార్చెయ్యాలి, పట్టుకున్న నాచంతా తీసెయ్యాలి. బిరడా విప్పకుండా రోడ్డెక్కడం నేరం. జీబ్రా మసెల్ అనే చిన్న ఆలుచిప్ప ఒక సరస్సు నుంచి ఇంకో సరస్సుకి పాకకుండా ఈ జాగ్రత్త. మళ్ళీ నీళ్ళలో దింపేటప్పుడు బిరడా పెట్టడం మాత్రం మరిచిపోకండి! ఆ బాధ్యత మా అబ్బాయికి అప్పగించాం. వాడి జేబులో ఇప్పటికే బిరడా ఒకటి తిరుగుతోంది.

పట్టిన చేపల సంగతి అడుగుతారని తెలుసు. సన్‌ఫిష్ వేపుడుకి బాగుంటుంది. వాల్ ఐ పులుసుకి నిలబడుతుంది, కాకపోతే గరిటె పెట్టి కలపకుండా గిన్నె పట్టి తిప్పాలి. పెద్ద వేటచేపల్లో పాదరసం ఎక్కువ చేరుతుంది. పిల్లలూ, గర్భిణులూ ఎంత తినవచ్చో రాష్ట్ర ఆరోగ్య శాఖ చెబుతుంది, అది చూసుకుని వండండి.

మీరూ పడవ చూస్తుంటే దుకాణానికి వెళ్ళేముందు ఇంట్లో కూర్చుని మూడు ప్రశ్నలు వేసుకోండి. నెలలో మూడు వారాలు ఆ పడవలో ఉండేదెవరు? వెళ్ళే నీళ్ళు ఏవి? దాన్ని ఒంటరిగా దింపగలిగేది ఎవరు? వీటికి జవాబు దొరికితే అడుగుల లెక్క దానంతటదే తేలుతుంది. ఎప్పుడో ఒకసారి వచ్చే ఆత్మీయుల కోసం పడవని పెంచకండి. వాళ్ళ కోసం ఆ రోజుని పెంచండి.

పిల్లలూ, మీకో పని. 17 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు ఉన్న పడవలో మన సూత్రం ప్రకారం ఎంతమంది ఎక్కవచ్చు? పెన్సిలు పట్టుకుని చెయ్యండి, కాలిక్యులేటరు వద్దు. జవాబు అమ్మకో, అమ్మమ్మకో తెలుగులో చెప్పండి. వచ్చే సంచికలో మళ్ళీ కలుద్దాం.